రెండుసార్లు దిద్దిన పేజీ

టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పద్దెనిమిదేళ్ళు పనిచేసిన మనిషికి కొన్ని అలవాట్లు చచ్చినా పోవు. ఎవరు ఏ నంబరు చెప్పినా తిరిగి అప్పజెప్పందే ఆమెకు తోచదు. కూరగాయల కొట్లో తానే అరకిలో అడిగి, మళ్ళీ తానే "అరకిలో, అంతే కదా?" అంటుంది. కొట్టతను తల గోక్కుంటాడు. అడిగిందీ ఆవిడే, అనుమానపడేదీ ఆవిడే!

ఎక్స్ఛేంజిలోకి కొత్త మిషన్లు వచ్చి, లైన్లు కలిపే బోర్డు ముందు కూర్చునే ఆడవాళ్ళందరినీ ఇళ్ళకు పంపేసినప్పుడు ఆమెకింకా నలభై నిండలేదు. కొందరు కుట్టుమిషన్లు కొనుక్కున్నారు. టైపు వచ్చు కదా అని ఆమె ఒక కంప్యూటర్ సంస్థలో చేరింది. అక్కడ తయారయ్యేది ఆపరేటింగ్ సిస్టం. అంటే కంప్యూటర్ ఆన్ చేయగానే అందరికంటే ముందు నిద్రలేచి, మిగతా వాటికి పనులు పురమాయించే సరుకు. బడుల్లో, లైబ్రరీల్లో, చిన్న చిన్న దుకాణాల్లో వాడతారు. దాన్ని ఎలా వాడాలో చెప్పే పేజీలు వెబ్‌సైటులో తొమ్మిది వందల దాకా ఉన్నాయి. అవన్నీ ఆమె చేతికిందివి. సిస్టం మారినప్పుడల్లా పేజీ మారాలి. మారకపోతే పేజీ అబద్ధమాడుతుంది. చదివేవాడికి అది అబద్ధమని తెలియదు పాపం, తనకే బుర్ర లేదనుకుంటాడు. ఆమెకు ఒళ్ళు మండేది సరిగ్గా అక్కడే.

ప్రోగ్రాము రాసినవాళ్ళకు కేకు కోస్తారు, ఫోటోలు దిగుతారు. పేజీ దిద్దిన మనిషిని పలకరించిన పాపాన పోయిందెవరు? పోనివ్వండి, ఆమెకే లేని బాధ నాకెందుకు. ఆమె పట్టుదల వేరే విషయాల మీద. ఏ పేజీ దిద్దినా అందులోని కమాండును, అంటే కంప్యూటర్‌కు టైపు చేసి ఇచ్చే ఆజ్ఞను, తన పాత మిషను మీద స్వయంగా కొట్టి చూడాలి. ప్రతి పేజీ అడుగున తన టేబుల్ మీది ఫోను నంబరు ఉండాలి. ఇక డిస్కులు చెరిపే, లేదా ఉన్నదాని మీద కొత్తది రాసే పనుల పేజీలన్నింటిలో ఒక వాక్యం ఉండాలి: "ఎంటర్ నొక్కే ముందు తెర మీద ఉన్న ప్రశ్నను పక్కనున్న మనిషికి పైకి చదివి వినిపించండి. ఎవరూ లేకపోతే మీకు మీరే వినిపించుకోండి."

ఈ వాక్యమంటే మేస్త్రికి కంపరం. మేస్త్రి అంటే గోడలు కట్టేవాడు కాదు, సిస్టంలో సగం తన చేత్తో రాసిన ముప్ఫై రెండేళ్ళ ఇంజినీరు. "నేను కట్టింది కూలదు" అని ఒకసారి నోరుజారాడు, పేరు అతుక్కుపోయింది. మంచివాడే గానీ, పట్టిన కుందేటికి మూడే కాళ్ళంటాడు.

"మెషీనే అడుగుతోంది కదా పిన్నిగారూ, చెరపమంటారా వద్దా అని! మళ్ళీ పక్కవాళ్ళకు చదివి వినిపించడానికి ఇదేమన్నా ప్రేమలేఖా?"

"అడిగితే ఎవరు చదువుతున్నారు నాయనా? నువ్వు చదువుతున్నావా?"

"నాకు అక్కర్లేదు."

"అందరూ అదే అనుకుంటారు."

ఆఖరికి మీటింగులో మేస్త్రి మాటే నెగ్గింది. రాబోయే వెర్షన్ ఎలాగూ తయారైపోయింది కాబట్టి, దాని తర్వాతిదాని నుంచి ఆ వాక్యం తీసేయాలని జాబితాలో రాసుకున్నారు.  ఆమె ఇంటికెళ్ళి గిన్నెలు గట్టిగా తోమింది.

ఆ తర్వాత నెల తిరక్కుండా వచ్చింది ఆ మంగళవారం. తలుచుకుంటే ఆమెకిప్పటికీ ముందు చెమటలు పడతాయి, ఆ వెనకే నవ్వొస్తుంది.

దాని ముందటి శుక్రవారం కొత్త వెర్షన్ విడుదల. దిద్దాల్సిన పేజీలు పన్నెండు. సాయంత్రం నాలుగింటికి ఆమె అక్కయ్య కంటి ఆపరేషను. మూడున్నరకు పదకొండు పేజీలు దిద్ది, కొట్టి చూసింది. పన్నెండోది ఒక డిస్కులో ఉన్నదంతా ఇంకో డిస్కులోకి కాపీ చేసే పేజీ. ఆ కమాండు పక్కన రెండు డిస్కుల పేర్లు రాయాలి. పాత వెర్షన్‌లో ముందు ఖాళీ డిస్కు పేరు, తర్వాత నిండు డిస్కు పేరు. కొత్తదాంట్లో ఆ వరస తిరగబడింది. "పేజీలో పేర్ల వరస మార్చాలి" అని పనుల జాబితాలో ఉంది. మార్చింది. రెండు మాటలు అటూ ఇటూ చేయడమే కదా, వచ్చాక కొట్టి చూద్దాంలే అనుకుని, సంచీ భుజాన వేసుకుని పరిగెత్తింది.

సోమవారం మధ్యాహ్నం ఆఫీసుకు వచ్చేసరికి ఫోను మోగుతోంది. ఎక్కడో ఒక ఫోటో స్టూడియో ఆయన.

"అమ్మా, నిన్న మీ కొత్త వెర్షన్ వేయించి, మీ పేజీ ప్రింటు తీసుకున్నానండి. పదిహేనేళ్ళ ఫోటోలు ఒక్క డిస్కులోనే ఉన్నాయి. అది ఈమధ్య కిర్రుకిర్రుమంటోంది. భయమేసి కొత్తది కొన్నాను. రేపు పదింటికి కొట్టు తెరవగానే కాపీ పెడతా. నాకీ కంప్యూటర్లు అంతంతమాత్రం. పేజీలో ఉన్నట్టు చేస్తే చాలు కదమ్మా?"

"అచ్చం ఉన్నట్టే చేయండి. ఒక్క అక్షరం కూడా మార్చకండి" అంది ఆమె ధీమాగా. అలవాటు కొద్దీ ఆయన నంబరు అడిగి, తిరిగి చదివి, పుస్తకంలో రాసుకుంది.

"అందులో చాలామంది పోయారమ్మా. వాళ్ళ ఆఖరి ఫోటోలకు ఇంకో కాపీ ఎక్కడా లేదు" అన్నాడాయన పెట్టేసేముందు.

మంగళవారం పొద్దున టీ తెచ్చుకుని కూర్చుంటే, టేబుల్ మూల పరీక్షల కోసం వాడే డిస్కులు రెండూ కనబడ్డాయి. అరే, పన్నెండోది మిగిలిపోయింది కదా! పేజీ తెరిచి, అందులో ఉన్నది ఉన్నట్టు కొట్టింది. తెర మీద ప్రశ్న వచ్చింది. అలవాటుగా పైకి చదివింది: "ఖాళీ డిస్కులో ఉన్నది నిండు డిస్కు మీద రాస్తాను. నిండు డిస్కులో ఉన్నదంతా..."

చదవడం అక్కడే ఆపేసింది.  గడియారం పదీ పది చూపిస్తోంది.

పేజీ ఎవరెవరు ఎప్పుడు మార్చారో చూపించే చరిత్ర తెరిచింది. గురువారం రోజే మేస్త్రి ఆ వరస సరిచేసేశాడు. చేసినవాడు జాబితాలో టిక్కు పెట్టలేదు. శుక్రవారం ఈమె వచ్చి, సరిగ్గా ఉన్నదాన్ని మళ్ళీ "సరిచేసింది". ఇద్దరు బుద్ధిమంతులు కలిసి తప్పును చక్కగా తిప్పి ఇంటికి తెచ్చారు. కొట్టి చూసుంటే దొరికేది. రెండు నిమిషాల పని!

ఫోనెత్తి స్టూడియో నంబరు కొట్టింది. ఎంగేజ్. మళ్ళీ కొట్టింది. ఎంగేజ్. ఒక చేత్తో నంబరు కొడుతూ ఇంకో చేత్తో పేజీ సరిచేసి సైటులో పెట్టింది. ఏం లాభం, ఆయన చేతిలో ఉన్నది ప్రింటు! మళ్ళీ ఎంగేజ్. ఎక్స్ఛేంజిలో ఉన్నన్నాళ్ళూ "లైను ఖాళీ లేదండీ, కాసేపాగి చేయండి" అని ఎన్ని వేలమందికి తాపీగా చెప్పిందో. ఇప్పుడు ఆ కూతే తన చెవిలో మోగుతోంది. ఒక్క అక్షరం మార్చకండని చెప్పింది తనే. చెప్పినమాట వినే మనిషి ఆయన. ఎవరెవరి తల్లులో, ఎవరెవరి పిల్లలో, ఈపాటికి అందరూ చెరిగిపోతూ ఉంటారు.

పదీ ఇరవై ఐదుకు ఫోను పెట్టేసి, తల పట్టుకుంది. పెట్టిన మరుక్షణం అదే మోగింది.

"ఏంటమ్మా మీరు! పావుగంట నుంచి చేస్తున్నా, మీ లైను ఎంగేజే ఎంగేజ్!" స్టూడియో ఆయన.

"నేను మీకే చేస్తున్నానండీ! నొక్కేశారా? నొక్కేశారా చెప్పండి!"

"నొక్కలేదండీ. మా ఆవిడ నొక్కనివ్వలేదు."

ఆమె కుర్చీలో వెనక్కి వాలిపోయింది. కళ్ళలో నీళ్ళు జలజలా రాలాయి.  అవతల ఆయన "హలో, హలో" అంటూనే ఉన్నాడు. తర్వాత ఫోను చేతులు మారింది.

"అక్కయ్యగారూ, నేనండీ, ఆయన భార్యని. పక్కనున్నవాళ్ళకు చదివి వినిపించమని రాశారట కదా. నేను ఫోటోలు కత్తిరించుకుంటున్నా, వచ్చి చదివాడు. ఏమయ్యా, ఖాళీది తెచ్చి నిండుదాని మీద ఎవడైనా పోస్తాడా అన్నాను. పేజీలో ఇలాగే ఉందే అంటాడు! ఉంటే ఉంది, రాసినావిడనే అడుగు అన్నాను. నంబరు కూడా ఇచ్చారుగా మీరు."

"నా తప్పేనమ్మా. పూర్తిగా నా తప్పు. ఇప్పుడే సరిచేశాను."

"అయ్యో, ఏడుస్తున్నారేంటండీ? ఏం పోలేదుగా! మా మామగారు బతికున్నన్నాళ్ళలో నవ్విన ఫోటో ఒకే ఒక్కటుంది, అదీ అందులోనే. అదొక్కటి పోయుంటే మాత్రం మీతో ఇంత మర్యాదగా మాట్లాడేదాన్ని కాదు."

ఆమె ఏడుస్తూనే పకపకా నవ్వింది. పేర్ల వరస చెప్పి, రెండుసార్లు తిరిగి చెప్పించుకుని, ఈసారి ఫోను పెట్టకుండా ప్రశ్న చదివించుకుంది. ఎంటర్ నొక్కిన చప్పుడు ఆమెకు ఇక్కడికి వినబడింది. మధ్యాహ్నం మూడింటికి ఆవిడే మళ్ళీ చేసింది. "మామగారు రెండు చోట్లా నవ్వుతున్నారండీ" అంది. గుండెల మీది బండ ఎవరో ఎత్తి పక్కన పెట్టినంత హాయిగా అనిపించింది ఆమెకు. పొద్దుటి టీ అలాగే ఉంది. చల్లారిపోయిన ఆ టీనే తాగేసింది. అంత రుచైన టీ ఎప్పుడూ తాగలేదట.

పేజీ చరిత్రలో తన తప్పు తన చేత్తోనే రాసింది: "ఒకే తప్పును ఇద్దరం దిద్దాం. రెండోసారి దిద్దింది నేను, కొట్టి చూడలేదు. పట్టుకున్నది స్టూడియో ఆయన భార్య, విని." మేస్త్రి దాన్ని తన సీట్లో కూర్చునే చదివాడు. గురువారం పెట్టని టిక్కు గుర్తొచ్చినట్టుంది, మెడ దాకా ఎర్రబడ్డాడు. ఆమె దగ్గరకు రాలేదు, సారీ చెప్పలేదు. తీసేయాల్సిన వాటి జాబితాలోంచి ఆమె వాక్యాన్ని మాత్రం చప్పుడు చేయకుండా కొట్టేశాడు.

సాయంత్రం ఐదింటికి ఆమె సంచీ సర్దుకుంటుంటే గొంతు సవరించుకున్న చప్పుడైంది.

"పిన్నిగారూ, ఒక పాత సర్వరు డిస్కు చెరపాలి. ఒక్కసారి ఇటొచ్చి వింటారా?"

ఆమె వెళ్ళి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. మేస్త్రి అటూ ఇటూ చూసి, బడిలో పాఠం అప్పజెప్పేవాడిలా తెర మీది ప్రశ్నను పైకి చదివాడు. ఆమె దాన్ని మాట పొల్లుపోకుండా తిరిగి చెప్పి, "అంతే కదా?" అంది.

"అంతే" అని ఎంటర్ నొక్కాడు.