పళ్లెం దించిన చెరువు

మొన్న సెలవులకు మా మనవరాలు బెంగళూరు నుంచి వచ్చి ఒళ్లో కంప్యూటరు పెట్టుకొని ఏదో పని చేసుకుంటూ ఉంటే, పక్కన కూర్చుని వక్క కత్తిరించుకుంటున్న నేను ఊరికే తొంగి చూశాను. తెరనిండా ఆకుపచ్చవీ నీలివీ ఎర్రవీ మచ్చలు. అవన్నీ చెరువులేనట. ఆకాశంలో తిరిగే యంత్రం పైనుంచి చూసి, ఏ చెరువు నీళ్లు తేటగా ఉన్నాయో ఏవి మసకగా ఉన్నాయో కొలిచి పంపిస్తుందట, ఆ కొలతలను చెరువువారీగా, నెలవారీగా సర్ది చదవడం ఈ పిల్ల ఉద్యోగమట. ఈ పని నాకు తెలుసులేవే, మా తిన్నె మీద నేనూ మీ చిన్నవ్వా చేసిందే కదా అంటే పకపకా నవ్వింది తప్ప నమ్మలేదు. నా ఈడువాళ్లు మీరైనా నమ్ముతారని ఈ నాలుగు ముక్కలూ చెప్పుకుంటున్నాను.

నేను కాపురానికి వచ్చింది కొత్తచెరువు అనే ఊరికి కొంచెం ఎగువన ఉన్న చిన్న పల్లెకు. మా మామకు సెనక్కాయ వేసుకునే మెట్ట చేను కొద్దిగా, చెరువులో తిరగడానికి ఒక తోలు పుట్టి, వలలు ఉండేవి. వానలు సరిగా పడిన కాలంలో ఆ వలలే మాకు అన్నం పెట్టేవని చెప్పేవారు కానీ, నేను వచ్చేసరికి చెరువులో బెత్తెడు పరకలు తప్ప చేపలు లేవు. మా మరిదికి పెళ్లై తోడికోడలు వచ్చాక నాకు ఆ ఇంట్లో ఊపిరి ఆడింది. రాగులు విసిరేటప్పుడు తిరగలికి అటొకరం ఇటొకరం కూర్చుంటే పిండి ఎప్పుడు పడిందో తెలిసేది కాదు, అన్ని మాటలు ఉండేవి మాకు. మా అత్త ఆ మాటలకు విసుక్కుని, మీ నోళ్లే ఇసుర్రాళ్లు, పిండి వాటితోనే పడతాండాది అనేది.

ఆ రోజుల్లో, అంటే యాభైల చివర్లో అనుకుంటాను, చేపల ఆఫీసు నుంచి ఒక సారు మా వైపు చెరువులన్నీ చూడటానికి వచ్చేవాడు. కదిరి దిక్కు సాయిబుల అబ్బాయి, సన్నగా, పొడుగ్గా, ఎంత ఎండలో వచ్చినా ముఖాన చిరునవ్వు చెదరనివాడు. పుట్టి మా మామది కాబట్టి బస కూడా మా తిన్నె మీదే. ఆయన దగ్గర తెలుపూ నలుపూ రంగులు వేసిన ఇనుప పళ్లెం ఒకటి, దానికి కొలత గుర్తులు పెట్టిన తాడు ఉండేవి. పుట్టిలో నడిమికి పోయి ఆ పళ్లాన్ని మెల్లగా దించుతూ, అది కంటికి కనపడకుండా పోయిన చోట తాడు మీద గుర్తు చూసి కాగితంలో వేసుకునేవాడు. ఇంటికి వచ్చి ఆ కాగితాలను చెరువుకొక వరుసగా, నెలకొక గడిగా మా తిన్నె మీద పరిచేవాడు. మా గాలి సంగతి మీకు తెలిసిందే కదా, నేనూ తోడికోడలూ సెనక్కాయలు తెచ్చి ఒక్కో కాగితం మీద బరువు పెట్టేవాళ్లం. నేను రెండో తరగతి దాకా చదువుకున్నాను కాబట్టి అంకెలు వచ్చు, చిన్న అంకె ఉంటే పళ్లెం తొందరగా మాయమైందని, పెద్ద అంకె ఉంటే లోతుదాకా కనిపించిందని ఆయనే చెప్పాడు. ఏది మంచిదో మాత్రం ఆయన చెప్పలేదు, మేము అడగలేదు. అందులో అడగడానికేముంది అనుకున్నాం.

ఆ వేసవికి ముందు సారు ఒక మాట చెప్పిపోయాడు, ఈసారి కొలతలు చూసి కొన్ని చెరువులను ఎంచుతారు, వాటిలో సర్కారు చేపపిల్లలను వదులుతుంది అని. ఆ మాటతో మా ఇంట్లో గాలి మారిపోయింది. ఎందుకంటే చేను పని మా ఆయన ఒక్కడికే సరిపోక, మా మరిది అప్పటికే బళ్లారి దిక్కు కాలవ పనులకు పోవడానికి మూట కట్టుకుని ఉన్నాడు, తోడికోడలికి అప్పుడే నెల తప్పింది, పోతే ఇద్దరూ పోతారు. తిరగలి దగ్గర ఆమె మాటలు తగ్గిపోయాయి. మా మామ చిన్న కొడుకును పిలిచి, యాడికి పోతావప్పా, చేపలొస్తే ఈ పుట్టి నీదే, సారు చూసిపోయిందాకా ఉండు అన్నాడు. నేను మాత్రం ఆమె వెళ్లిపోతే ఈ ఇంట్లో ఎవరితో మాట్లాడాలో అనే దిగులుతో, కనపడిన దేవుడికల్లా మొక్కుకున్నాను.

మా సీమలో ఇంటికి వచ్చినవారికి తేట నీళ్లు ఇవ్వడమే పెద్ద మర్యాద. అన్నం లేకపోయినా తప్పు లేదు, మట్టి నీళ్లు ఇస్తే తలవంపు. అందుకే ప్రతి ఇంట్లోనూ కడవ లోపల చిల్లగింజ అరగదీసి, నీళ్లు తేరుకున్నాకే చెంబు ముంచేవాళ్లం. మరి సర్కారే మన చెరువును చూడటానికి వస్తుంటే ఊరుకుంటామా? మా మామ ఊరివాళ్లందరికీ చెప్పి పాడి ఎనుములను చెరువులోకి దిగకుండా ఆపించాడు, బట్టలు ఉతికేవాళ్లను బావుల దగ్గరికి పొమ్మన్నాడు. మా అత్త ఇరుగుపొరుగు ఆడవాళ్లతో చిల్లగింజలు దంచించి, అంగట్లో ఉన్న పటిక అంతా తెప్పించి, సారు ఎప్పుడూ పళ్లెం దించే చోట పుట్టిలో పోయి చల్లించింది. మా మరిది తెడ్డు వేస్తూ, పెళ్లికూతురికి నలుగు పెట్టినట్టు పెడతాండావు కదమ్మా, తలంబ్రాలెప్పుడు అని ఎగతాళి చేస్తే, నవ్వురా నవ్వు, రేపు చేపలు పట్టేటప్పుడు నీ పండ్లు నేను చూస్తా అని కసిరింది. నీళ్లు నిజంగానే తేరుకున్నాయి. కట్ట మీద నుంచి చూస్తే అడుగు రాళ్లు కనిపిస్తుంటే, అందరం మురిసిపోయాం.

సారు వచ్చింది రంజాను నెలలో. రోజా ఉండి, గుటక నీళ్లు లేకుండా ఎండలో పుట్టి మీద తిరిగి, సాయంత్రానికి తిన్నె మీద కాగితాలు పరిచాడు. మా చెరువు వరుసలో అంతకుముందు నెలల అంకెలు, పక్కన ఈనాటి అంకె పెట్టి చూసుకున్నాడు. అన్నిటికంటే పెద్ద అంకె అది. నేనూ తోడికోడలూ గడపలో ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని ఆయన ముఖం చూస్తున్నాం. ముఖం వెలగలేదు సరికదా, ముడుచుకుపోయింది. తాడు తీసి స్కేలుతో కొలుచుకున్నాడు, తడికి తాడు కుంచించుకుపోయిందా అని తనలో తనే గొణుక్కున్నాడు, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. పాపం, పొరపాటు తనదే అనుకున్నాడు.

పొద్దు గుంకింది. ఖర్జూరపుపండు నోట్లో వేసుకున్న సారుకు మా అత్త చెంబు అందించింది. నీళ్లు తాగి, ఎంత తేటగా ఉన్నాయమ్మా అన్నాడు. ఆ మాటే చాలు ఆమెకు.

"ఈ చెంబులోవే కాదు నాయనా, మీరొస్తారని చెరువునే తేటజేసినాం. ఎనుముల్ని దిగనీలేదు, పటికేసినాం, చిల్లగింజలేసినాం. ఊరంతా ఒక చెయ్యేసింది."

సారు చెంబు కింద పెట్టేశాడు. పరిచిన కాగితం వైపు ఒకసారి చూశాడు. తరువాత నవ్వు ఆపుకోలేక కళ్ల నీళ్లు తుడుచుకుంటూ చెప్పాడు, చేపలకు కావలసింది తేట నీళ్లు కాదట, నీళ్లలో కంటికి ఆనని పచ్చటి పాచి ఉంటుందట, అదే చేపపిల్లలకు మేతట, ఆ పచ్చదనం ఉంటేనే పళ్లెం తొందరగా మాయమవుతుందట. మరీ లోతుదాకా కనిపించే చెరువంటే చేపకు ఖాళీ విస్తరేనట. మా అత్త చెంబు తీసుకుని లోపలికి పోయింది. తోడికోడలు నా చెయ్యి వదిలేసి, మూలనున్న మూట వైపు చూసింది.

తెల్లవారేసరికి మా మామ ఊళ్లో ఉన్న ఎనుములన్నిటినీ చెరువులోకి తోలించాడు. సారు తువ్వాలు ఊపుకుంటూ కట్ట మీదికి పరిగెత్తి, "వద్దన్నా, వద్దు! అది బురద, పచ్చదనం కాదు. మీరేమీ చెయ్యొద్దండి, దాని మానాన దాన్ని వదిలేయండి, పండగయ్యాక నేనే మళ్లీ వస్తా" అని చేతులు జోడించాడు. ఉన్న అంకెను అలాగే పంపించేసి ఉంటే ఆయనను అడిగేవాళ్లు లేరు. ఆ ఎండలో మళ్లీ రావడానికి మేము ఆయనకు ఏమవుతామని! అయినా వస్తానన్నాడు. మరిది మూట విప్పలేదు కానీ ప్రయాణం ఆపాడు.

ఆ రోజుల్లో తోడికోడలు కడవ తీసుకుని చెరువుకు పోయిన ప్రతిసారీ వంగి నీళ్లలోకి చూసి వచ్చేది. రాళ్లు ఇంకా కనపడతాండాయి అక్కా అనేది, తరువాత కొంచెం మసకేసినాది అక్కా అనేది. నీళ్లు మసకేస్తే సంతోషపడిన ఆడవాళ్లు మా జిల్లాలో మేమిద్దరమేనేమో. పండుగ చేసుకుని సేమ్యాల పొట్లంతో సారు వచ్చి పళ్లెం దించాడు, అది పచ్చటి నీళ్లలో చక్కగా మాయమైంది. కొన్ని వారాలకు కబురు వచ్చింది, ఎంచిన చెరువులలో మాదీ ఉంది, వానలు పడి చెరువు నిండగానే చేపపిల్లలను తెచ్చి వదులుతారు. మరిది ఆనాడు మూట విప్పాడు. మా తిరగలి మళ్లీ మాట్లాడింది.

వానలు పడలేదు. మబ్బులు రోజూ వచ్చి మా నెత్తి మీదుగా పోయేవి, ఎవరో పిలిచినట్టు. తూము దగ్గర మిగిలిన గుంట కూడా ఇంకిపోయి, చెరువు నెర్రెలు విచ్చాక మరిది మూట మళ్లీ కట్టాడు. ఆ పొద్దు తోడికోడలు తిరగలి దగ్గర చాలాసేపు కూర్చుంది, విసరడానికి రాగులు లేవు. లేచేముందు తిరగలి పిడిని ఒకసారి తిప్పి, వస్తానక్కా అంది. బస్సు దాకా నేను పోలేదు, పోగలిగితే కదా.

తరువాత సారు ఒకసారి వచ్చాడు. ఎండిన చెరువులోకి దిగి నడిచి వచ్చి, తిన్నె మీద కాగితాలు పరిచి, మా చెరువు గడి దగ్గర కలం పట్టుకుని ఆగిపోయాడు. సున్నా వేస్తారా సారూ అని అడిగాను. "సున్నా వేస్తే నీళ్లుండి మసకగా ఉన్నాయని చదువుకుంటారు చెల్లెమ్మా" అని, ఆ గడిలో అడ్డంగా చిన్న గీత గీశాడు. ఆ గీత మీద నేనొక సెనక్కాయ పెట్టాను. పక్క కాగితానికి పెట్టడానికి రెండో మనిషి లేదు.

మా మరిది వాళ్లు మళ్లీ ఊళ్లో కాపురం పెట్టలేదు. కాలవ పక్కనే వాళ్లకు ఇల్లూ పిల్లలూ అమరిపోయాయి. ఆ పిల్లలు మంచివాళ్లు, పెళ్లిళ్లకు వస్తే కాళ్లకు దండం పెడతారు, కన్నడం కలిపి మాట్లాడతారు, ఈ చెరువు వాళ్లకు దారిలో కనిపించే చెరువు, అంతే. తోడికోడలు కాలం చేసి కూడా చాన్నాళ్లైంది.

ఇప్పుడు మా చెరువుకు ఎక్కడినుంచో కాలవ నీళ్లు వస్తున్నాయి. వాన పడకపోయినా నిండే చెరువును చూస్తానని నేనెప్పుడూ అనుకోలేదు. చేపలను గుత్తకు తీసుకున్నవాళ్లు లారీల్లో వచ్చి పట్టుకుపోతారు, ఊళ్లో ఎవరికీ ఆ నీళ్లు ఏ రంగులో ఉన్నాయో చూసే పని లేదు, కుళాయి తిప్పితే సరిపోతుంది. తప్పు పట్టడం లేదు, సుఖపడనీ. కానీ మొదటిసారి చెరువు నిండిన రోజు నేను కర్ర ఊతంగా కట్ట ఎక్కి, ఈ సంగతి పరుగున పోయి ఎవరికి చెప్పాలా అని ఊరి వైపు తిరిగి నిలబడ్డాను. మోటారు సైకిలు మీద పోతున్న పిల్లవాడొకడు నన్ను చూసి ఆపాడు, బంగారం లాంటి పిల్లవాడు.

"యాడికి పోవాలవ్వా? ఎక్కు, దింపుతా."

యాడికీ లేదు నాయనా, నువ్వు పో అన్నాను.