కోటిపల్లి రేవులో తెల్ల అంబాసిడర్

మొన్న మా అబ్బాయి కారు మీద అప్పు తీరింది. బ్యాంకు కాగితం ఇచ్చింది, రవాణా ఆఫీసులో హైపోథికేషన్, అంటే బ్యాంకు తాకట్టు, కొట్టేశారు, కొత్త ఆర్.సి. కార్డు పోస్టులో వచ్చింది. వాడు దాన్ని నా చేతిలో పెట్టి, "ఇప్పుడు బండి అచ్చంగా మనది నాన్నగారూ" అన్నాడు. నేను కళ్ళజోడు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చదివాను. వాడికి నవ్వొచ్చింది. తొంభైల మధ్యలో నేనూ ఒక కారును అచ్చంగా నాదే అనుకుని తిరిగానని వాడికి తెలుసు గానీ, అది ఎలా పోయిందో తెలియదు.

ఆ కారు మా తోడల్లుడిది, అంటే మా ఆవిడ అక్కగారి భర్తది. తెల్ల అంబాసిడర్. ఆయన మలికిపురంలో కొబ్బరికాయల వ్యాపారం చేసేవారు. బండ్ల చట్టాలకు మా బంధువర్గంలో ఆయనే సుప్రీంకోర్టు. ఎవరు మోపెడ్ కొన్నా ముందు ఆయన్ని అడగాల్సిందే. పన్ను ఎప్పుడు కట్టాలి, ఏ ఫారం మీద ఎవరు సంతకం పెట్టాలి, పేరు మారడానికి ఎన్నాళ్ళు పడుతుంది, అన్నీ పడక్కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుని చెప్పేవారు. నాకు కారు అమ్ముతూ, "జీవితకాలం పన్ను కట్టేసిన బండి తమ్ముడూ. నువ్వు పోయినా దీనికి పన్నుండదు" అన్నారు. ఆయన హాస్యం అలాగే ఉండేది.

కారు మీద ఫైనాన్సు బాకీ ఉన్న మాట ఆయన దాచలేదు. ఆర్.సి. పుస్తకంలో యజమానిగా ఆయన పేరు, కింద ఫైనాన్సు వాళ్ళ పేరు ఉన్నాయి. బాకీ తీరిందని వాళ్ళు రాసిస్తే తప్ప బండి నా పేరు మీదకు మారదు. అందుకని నా ప్రావిడెంట్ ఫండులోంచి తీసిన డబ్బు మొత్తం ఆయన చేతికే ఇచ్చాను. ఆయన బాకీ కట్టేసి, ఆ కాగితం తెచ్చి, పేరు మార్పించాలని మా ఒప్పందం. నీటిపారుదల శాఖలో పదిమందికీ రసీదు లేనిదే పైసా ఇవ్వని మనిషిని నేను. ఆ మాట ఎత్తబోతే, "మనలో మనకి కాయితాలేంటి తమ్ముడూ, మీ వదిన వింటే బాధపడుద్ది" అన్నారు. వదినగారు పక్కనే పకోడీలు వేస్తున్నారు. నేను పకోడీ తీసుకున్నాను.

ఆ ఏడు మా ఇంట్లో పండగలా గడిచింది. ఆదివారం వస్తే అమలాపురం నుంచి బయల్దేరేవాళ్ళం. ఒక వారం ఓడలరేవు, ఒక వారం అంతర్వేది. కారు లోపల పాత రెగ్జిన్ వాసన, కిటికీలోంచి ఉప్పుగాలి. మా ఆవిడ ముందు సీట్లో కూర్చుని తాటిముంజెలు ఒలిచి ఇచ్చేది. నేను గేరు మార్చినప్పుడల్లా కారు గుర్రంలా ఎగిరితే, "నెమ్మదండీ, ఇది మీ ఫైలు కాదు" అని పడీపడీ నవ్వేది. పేరు మార్పు ఏమైందని అడిగితే తోడల్లుడుగారు, "మేనేజరు సెలవులో ఉన్నాడు" అనేవారు. ఆ మేనేజరు అన్ని సెలవులు పెట్టినట్టు మా శాఖలో ఎవరూ పెట్టలేదు.

రామచంద్రపురంలో మా చిన్నాన్న కొడుకు గృహప్రవేశం వచ్చింది. ముక్తేశ్వరం దగ్గర కారును గోదావరి దాటించే పంటు మీదకు ఎక్కించాం. అవతల కోటిపల్లి ఒడ్డున బండ్లు దిగడానికి బల్లలు వేశారు. నేను కారు దింపి గట్టు ఎక్కించేసరికి ఇద్దరు మనుషులు ఎదురొచ్చి దణ్ణం పెట్టారు. పెళ్ళికి పిలవడానికి వచ్చినంత మర్యాదగా ఉన్నారు.

"ఫైనాన్సు నుంచి వచ్చేమండి. ఏమీ అనుకోకండి, తాళాలు ఇప్పించండి."

"నేను పూర్తి డబ్బు ఇచ్చి కొనుక్కున్నానయ్యా!"

"ఇచ్చే ఉంటారండి, కాదనం. మాకివ్వలేదు కదండీ. పుస్తకంలో పేరు వారిది, హక్కు మాది. మీ పేరు ఎక్కడా లేదు కదండీ."

"నేను ఇవాళ ఇలా వస్తానని మీకెవరు చెప్పారు?"

"ఆయ్, వారే చెప్పేరండి. మీ తోడల్లుడుగారే."

నేను మా ఆవిడ వైపు తిరిగాను. ఆమె అప్పటికే దిగి ఉంది. చేతిలో సంచి, చంకలో గృహప్రవేశానికి కొన్న చీర. ఈ మనుషులెవరని ఆమె అడగలేదు.

ఫైనాన్సు కుర్రాడే మా పెట్టె మోసుకొచ్చి బస్సు ఎక్కించాడు. బస్సు కదిలాక అడిగాను.

"నీకు ముందే తెలుసా?"

"డబ్బంతా రొయ్యల చెరువులో పెట్టేరంటండి. తెల్లమచ్చ రోగం వచ్చి చెరువు పోయింది. అక్క నా దగ్గర ఒకటే ఏడుపు. మీకు చెప్తే కోర్టుకెళ్తారని ఒట్టేయించుకుంది."

"ఈవేళ వస్తున్నామని?"

ఆమె చంకలోని చీరను సంచిలో పెట్టుకుంది. "ఇంటికొచ్చి పట్టుకుపోతామన్నారంట. మన వీధిలో మీరు తలెత్తుకోలేరు. రేవులో అయితే మనల్ని ఎరిగినవాళ్ళు ఉండరు కదా అని, నేనే అక్కకి చెప్పేను."

అదే పంటు మీంచి మా హెడ్ క్లర్కు, మా పురోహితుడు, మా వీధి చివర ఇల్లున్న అరటిగెలల వర్తకుడు దిగారు. ఆ సంగతి నేను ఆమెకు చెప్పలేదు.

నేను కోర్టుకు వెళ్ళలేదు. తోడల్లుడుగారు నా పదవీ విరమణ సభకు వచ్చి నాకు శాలువా కప్పారు, కప్పించుకున్నాను. ఇప్పుడు ఆయన లేరు. ఆయన మీద కోపం ఆయనకంటే ముందే పోయింది. పరాయి ఇంటి మనిషి మోసం చేస్తే దానికో మొదలూ చివరా ఉంటాయి.

మా ఆవిడను నేను ఆ తర్వాత ఒక్క మాట అనలేదు. అనడానికి ఆమె చేసింది నా పరువు కోసమే. కానీ ఆ ఏడాది నేను రాసిన డైరీ తీస్తే ఆదివారాలన్నీ వరసగా ఉంటాయి. ఎక్కడికి వెళ్ళామో, ఎంత పెట్రోలు పోయించామో, వాన పడిందో లేదో అన్నీ ఉంటాయి. ఆమె నా పక్కన కూర్చుని నవ్విన ఆ ఆదివారాల్లో ఏవి ఆమెకు తెలియక ముందువో, ఏవి తెలిసిన తర్వాతవో, ఇన్నేళ్ళు గడిచినా నేను విడదీయలేకపోయాను.