లాలాగూడ నుంచి కరిగిపోయిన విమానం దాకా

ప్రయాణాల గురించి రాసేవాళ్ళు సాధారణంగా హిమాలయాలతో మొదలుపెడతారు. నేను లాలాగూడ రైల్వే క్వార్టర్స్ గేటుతో మొదలుపెడుతున్నాను. అక్కడి నుంచి తార్నాక మీదుగా యూనివర్సిటీ క్యాంపస్ దాకా మహా అయితే ఐదు కిలోమీటర్లు. ఆ దూరం దాటడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. తప్పు ట్రాఫిక్‌ది కాదు. ఆ దారి చివర శిరీష ఉంది. ఆమె నాతో మాట్లాడటం మానేసింది.

శిరీషా నేనూ ఎమ్మెస్సీలో రెండేళ్ళు ఒకే బెంచీ, ఒకే మిర్చి బజ్జీల ప్లేటు. సాయంత్రాలు క్యాంపస్‌లోని ఆ పాత రాతి భవనం మెట్ల మీద కూర్చుని, బేగంపేట వైపు దిగే చిన్న చిన్న విమానాలను చూసేవాళ్ళం. ఇద్దరమూ విమానం ఎక్కినవాళ్ళం కాదు. అయినా మొదటిసారి ఎక్కినప్పుడు కిటికీ సీటు ఎవరిదన్న విషయం మీద మా మధ్య నిజమైన గొడవలు జరిగాయి. ఒకసారైతే రెండు రోజులు అలిగింది కూడా.

తర్వాత ఒక వీడియో వచ్చింది. ఏదో దేశంలో, వాతావరణం పాడైపోతోందని ఉద్యమం చేసే ఇద్దరు అమ్మాయిలు కంచె కత్తిరించి విమానాశ్రయంలోకి దూరారు. డబ్బున్నవాళ్ళు సొంతానికి వాడుకునే చిన్న విమానం మీద నారింజ రంగు చల్లి, పోలీసులు వచ్చేదాకా దాని పక్కనే కూర్చున్నారు. శిరీష ఆ వీడియో పెట్టి కింద మూడు వాక్యాలు రాసింది. నల్గొండ దగ్గర వాళ్ళ బత్తాయి తోటలో బోర్లు ఎండిపోయాయని, వాళ్ళ నాయన చెట్లన్నీ నరికేశాడని, ఆ అమ్మాయిల కోపం తనకు అర్థమవుతోందని. దాని కింద మొదటి కామెంటు నాది: "మా నాన్న రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఏళ్ళు పెయింటర్. ప్రైమర్ కొట్టకుండా రంగు వేయడం మహాపాపమని ఆయన తీర్పు."

నవ్వు బొమ్మలు వందల్లో పడ్డాయి. నా వెనకాలే ముక్కూ మొహం తెలియనివాళ్ళు వచ్చారు. శిరీషను పిచ్చిదన్నారు, ఇక్కడ రాయలేని మాటలు అన్నారు. నేను అవన్నీ చదివాను. కామెంటు తీసేయలేదు. నవ్వులు ఇంకా పెరుగుతున్నాయి కదా అని ఉంచాను. ఈ ఒక్క వాక్యం దగ్గర దయచేసి ఎవరూ నవ్వకండి.

తర్వాత నేను పంపిన సందేశాలకు రెండు నీలం గీతలు తప్ప జవాబు రాలేదు. పోయిన వారం మా పాత క్లాసు గ్రూపులో ఆమె అందరికీ కలిపి ఒక పిలుపు పెట్టింది: "శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకు, పాత రాతి భవనం మెట్ల దగ్గర. విమానం మీద రంగు, తప్పా ఒప్పా? వచ్చి వాదించండి. విమానం మేమే తెస్తాం." అందరిలో నేనూ ఉంటాను కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. శుక్రవారం పొద్దున కామెంటు తీసేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, మూడు గంటల నలభై నిమిషాలకు బయలుదేరాను.

గుమ్మంలో నాన్న పేపరు చదువుతున్నాడు. పోయినేడు రిటైరయ్యాడు గానీ ఇప్పటికీ గోళ్ళ చివర రంగు ఉంటుంది.

"ఏడికి సామ్?"

"క్యాంపస్‌కు. విమానానికి రంగు కొట్టుడు కరెక్టా కాదా అని మీటింగ్ నాన్నా."

నాన్న పేపరు మడిచాడు. "కొట్టెటోళ్ళు కొడ్తరు. గీకేటోడు ఎవడు? ఆ విమానమోడా? నా అసొంటోడే, థిన్నర్ వాసనకు దగ్గుకుంట గీకాలె. గది అడుగు మీ మీటింగ్‌ల."

ఇంటర్నెట్టంతా కొట్టుకున్న నాలుగు నెలల్లో ఈ ముక్క ఎవరూ అనగా నేను చూడలేదు.

లాలాగూడ నుంచి తార్నాకకు షేర్ ఆటో ఇరవై రూపాయలు. నిండితే గానీ కదలదు కాబట్టి పది నిమిషాలు చేతిలో ఉంచుకోండి. డ్రైవర్ యాదగిరన్న అద్దంలోంచి నన్ను చూసి, "ఏం తమ్మీ, మొఖం గట్లున్నది, సప్లిమెంటరీనా?" అన్నాడు. విషయం చెప్పాను. ఆయన బ్రేకు తొక్కినంత పని చేశాడు.

"అరే, నా ఆటోకు చిన్న గీత పడితే నాకు అన్నం సైపదు. గా విమానానికి డబ్బాలకు డబ్బాలు పోస్తరా? దొరికిచ్చుకోని తన్నాలె."

నా పక్కన కూరగాయల సంచి ఒళ్ళో పెట్టుకున్న ఒక పెద్దమ్మ వెంటనే అందుకుంది. "వానికేమాయె, ఇంకోటి కొంటడు. నీకు ఇంకో ఆటో ఉన్నదా? రెండూ ఒకటేనా?"

"గట్లని పోస్తరా పెద్దమ్మా?"

"పొయ్యనీ. గని బిడ్డా," అని నా మోచెయ్యి పట్టుకుంది, "పోసే ముందుగాల నన్నొక్కసారి అండ్ల కూసోవెట్టి, గిర్రున తిప్పి దించుమను. గప్పుడు పోసుకోమను, నేను కూడ ఒక చెంబెడు పోస్త."

ఆటో అంతా నవ్వింది. పెద్దమ్మ నవ్వలేదు. తల వంచి, ఆటో టాపు కిందనుంచి కనిపించే ఆ జానెడు ఆకాశంలోకి చూస్తూ కూర్చుంది.

తార్నాక చౌరస్తాలో నాలుగు పదికి దిగాను. క్యాంపస్ లోపలికి ఇంకో ఆటో దొరుకుతుంది, కానీ నడవండి. ఇరవై ఐదు నిమిషాలు, సగం దారి చెట్ల నీడ. క్షమాపణ సాధన చేసుకునే పని ఉన్నవాళ్ళకు ఇంతకన్నా మంచి దారి నగరంలో లేదు. నేను ఏడు రకాలు తయారు చేశాను. ఏడింటిలోనూ చివర ఒక జోకు వచ్చి కూర్చుంది. తోలినా పోలేదు.

మెట్ల ముందు రెండు ప్లాస్టిక్ కుర్చీల మీద విమానం ఉంది. ఏడడుగుల పొడవు, తెల్లగా, కిటికీలు నల్ల స్కెచ్‌తో గీసి, ముచ్చటగా ఉంది. దాని పక్కన శిరీష. చుట్టూ నలభై మంది దాకా ఉంటారు. దగ్గరికి వెళ్ళాక నాకు రెండు విషయాలు ఒకేసారి కనిపించాయి. విమానం థర్మాకోల్‌ది. ఆమె చేతిలో ఉన్నది ఇనుప గేట్లకు కొట్టే స్ప్రే డబ్బా.

చిన్నప్పుడు చర్చి కోసం థర్మాకోల్‌తో క్రిస్మస్ స్టార్ చేసి, నాన్న లేనప్పుడు వెండి రంగు స్ప్రే కొట్టాను. యేసు పుట్టకముందే నక్షత్రం కరిగి నీరైపోయింది. థర్మాకోల్‌కు నీళ్ళ రంగే వెయ్యాలని, స్ప్రేలో ఉండే మందు దాన్ని తినేస్తుందని వీపు మీద రెండు దెబ్బలతో నేర్చుకున్న పాఠం అది. పెయింటర్ల ఇళ్ళలో పిల్లలకు ఇది ఎక్కాలకన్నా ముందు వస్తుంది.

కాబట్టి నాలుగు నెలల తర్వాత నేను ఆమెతో అన్న మొదటి మాట ఇది: "శిరీషా, ఆ స్ప్రే కొట్టకు. విమానం కరిగిపోతది."

ఆమె నా వైపు చూసింది. కోపం లేదు, అలసట ఉంది. "మళ్ళ జోకా సామ్?"

"జోక్ కాదు. ఒట్టు."

"నువ్వు ఎప్పుడు జోక్ చేస్తున్నవో ఎప్పుడు చేస్తలేవో తెలుసుకునే ఓపిక నాకు లేదు." అటు తిరిగి డబ్బా నొక్కింది.

ముందు నారింజ రంగు బాగానే పడింది. చప్పట్లు కూడా మొదలయ్యాయి. అంతలో రెక్కకు గుంట పడింది. గుంట బొక్క అయింది, బొక్క సందు అయింది, ఎడమ రెక్క వంగి నెమ్మదిగా కుర్చీ మీదికి జారింది. తోక ఒకవైపు, ముక్కు ఒకవైపు. జనం ఈలలు వేశారు. అందరి ఫోన్లూ లేచాయి. "సూపర్! అసలు ప్లేనే మాయం!" అని ఎవరో అరిచారు. వెనకాల మా పాత బ్యాచీ వాళ్ళు నన్ను గుర్తుపట్టి, "అరే సామ్, ఒక పంచ్ వెయ్యిరా!" అన్నారు.

పంచ్ ఉంది. ఒకటి కాదు, నోటినిండా ఉన్నాయి. జీవితంలో అంత మంచి అవకాశం నాకు మళ్ళీ రాదు. శిరీష డబ్బా పట్టుకుని అలాగే నిలబడింది, రెండో చేతిలో చదవడానికి రాసుకొచ్చిన కాగితం ఉంది. నేను నోరు మూసుకున్నాను. తర్వాత ఆమెకు మాత్రమే వినపడేలా అన్నాను. "ప్లేన్ పోతే పోనీ. కాయితం ఉన్నది గద, చదువు."

చదివింది. వాళ్ళ నాయన గొడ్డలి పట్టుకుని ఒక్కొక్క బత్తాయి చెట్టు దగ్గరా ఆగి, దాని వయసు చెప్పి మరీ నరికాడట. ఈలలు ఆగిపోయాయి. ఒకతను చెయ్యెత్తి, "పాపం, సరే. కానీ ఆ విమానాలకీ మీ బత్తాయిలకీ ఏం సంబంధం?" అని అడిగాడు. మర్యాదగానే అడిగాడు.

"అంతా గా విమానమే చేసిందని అంటలేను," అంది శిరీష. "మా బోర్లు ఎండినప్పుడు ఒక్కడన్న వీడియో తియ్యలే. విమానం మీద రంగు పడ్డది, దునియా మొత్తం చూసింది. నాకు గదే బాధ."

నేను నాన్న ప్రశ్న అడిగాను, గీకేవాడి సంగతి. శిరీష, "గది నేను అనుకోలే," అంది. ఆ మాట కాగితం వెనక రాసుకుంది. సరిగ్గా అప్పుడే బేగంపేట వైపు ఒక చిన్న విమానం కిందుగా వెళ్ళింది. వాదించేవాళ్ళు, తప్పన్నవాళ్ళు, ఒప్పన్నవాళ్ళు, అందరూ తలలెత్తారు. అది చెట్ల వెనక దిగిపోయేదాకా అటే చూశారు. శిరీష అందరికన్నా ఆలస్యంగా తల దించింది.

థర్మాకోల్ ముక్కలన్నీ సంచుల్లోకి ఎత్తేసరికి ఆరయింది. తార్నాక బస్టాప్ దాకా ఇద్దరం నడిచాం, మధ్యలో ఇంకో మనిషి పట్టేంత దూరంలో.

"కరిగిపోతదని నిజంగనే తెల్సా?"

"తెల్సు."

"కామెంటు?"

"ఇయ్యాల పొద్దున తీసేసిన."

"నాలుగు నెలలకు."

ఆర్టీసీ బస్సుల ఆలస్యం మీద ఒక మంచి జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. మింగాను. "తప్పు నాదే. అవి చదువుకుంట, నవ్వులు లెక్కపెట్టుకుంట కూసున్న," అన్నాను. ఏడు క్షమాపణల్లో ఇది లేదు.

రామంతాపూర్ బస్సు వచ్చింది, శిరీష ఎక్కింది. బస్సు కదిలేముందు కిటికీ అద్దం పక్కకు జరిగింది. "చూసినవా," అంది, నవ్వకుండానే, "కిటికీ సీటు నాదే."

విమానాల మీద రంగు పొయ్యడం తప్పో ఒప్పో ఐదు కిలోమీటర్లు వెళ్ళొచ్చినా నాకు తేలలేదు. పెద్దమ్మ చెంబెడు రంగుతో ఇంకా విమానం కోసం ఎదురుచూస్తూనే ఉంటుంది. నాన్న లాంటివాడెవడో గీకుతూనే ఉంటాడు. నేను మాత్రం ఆ బస్సు హబ్సిగూడ వైపు తిరిగి కనపడకుండా పోయాక కూడా చాలాసేపు అక్కడే ఉన్నాను. ఆమె మళ్ళీ రమ్మనలేదు. కిటికీ సీటు తనదని మాత్రం చెప్పింది. పక్క సీటు గురించి ఏమీ చెప్పలేదు కాబట్టి, ఇప్పటికి అది ఖాళీగానే ఉందని అనుకుంటున్నాను.

వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా: స్ప్రే డబ్బా ఏదైనా సరే, అసలు వస్తువు మీద కొట్టేముందు ఒక పనికిరాని ముక్క మీద కొట్టి, రెండు నిమిషాలు ఆగి చూడండి. కామెంట్లకూ ఆ రెండు నిమిషాలు సరిపోతాయి.