జాకబ్ వద్దన్న రెక్కలు

ఉరవకొండ చుట్టుపక్కల బోర్లు వేసే జాకబ్, మధ్యాహ్నం అన్నం తినగానే లారీ నీడలో కూర్చుని ఫోన్‌లో పురుగు ఆట ఆడతాడు. గండం దాటినప్పుడల్లా పురుగుకు కొత్త అవయవం మొలుస్తుంది. చచ్చిందంటే అన్నీ పోయి మళ్లీ గుడ్డు నుంచే మొదలు. పెదవులు బిగించి, ఎడమ బొటనవేలితోనే ఆడతాడు. ఆ రోజు పురుగు మునుపెన్నడూ పోనంత దూరం పోయింది. ఒక చెయ్యి వదులుకుంటే రెక్కలిస్తానంది ఆట.

“ఇచ్చెయ్ అన్నా, గెలుస్తావు!” అన్నాడు పక్కనున్న డ్రైవర్ తౌఫిక్.

జాకబ్ వద్దని నొక్కాడు. రెండు నిమిషాలకే పురుగు చచ్చిపోయింది.

“ఏమన్నా, ఉత్త ఆటే కదా?”

జాకబ్ కుడిచేతిని ఒళ్లోంచి తీసి చూసుకున్నాడు. పోయినేడు బోరు గొట్టాల మధ్య నలిగి మూడు వేళ్లు పోయిన చెయ్యి.

“ఈడ అడిగినారు, వద్దంటి. ఆ పొద్దు బోరు కాడ నన్ను యాడ అడిగినారప్పా?” అన్నాడు మెల్లగా.