ముప్పై ఎనిమిది మంది తోబుట్టువులు

ఒక్క ఆదివారం పూట, ఒక్క బాల్‌పెన్నుతో, నేను ముప్పై ఎనిమిది మందిని ఒకే తండ్రి బిడ్డల్ని చేసేశాను. మీకిది నవ్వులాటే. నాకు మాత్రం అది బయటపడ్డ వారమంతా అన్నం సహించలేదు.

ఛత్తీస్‌గఢ్ కొత్తగా రాష్ట్రమైన రోజులవి. నాన్నకు స్టీల్ ప్లాంటులో ఉద్యోగం, సెక్టర్ ఆరులో క్వార్టరు. భిలాయిలోనే పుట్టి పెరిగిన నాకు హిందీ నోటినిండా ఉండేది. తెలుగు మాత్రం అమ్మ తిట్లు అర్థమయ్యేంత వరకే వచ్చు. అయినా ఇంటర్వ్యూలో "తెలుగు గడగడా మాట్లాడతాను" అని గడగడా హిందీలో చెప్పి ఉద్యోగం సంపాదించాను.

ఉద్యోగమంటే ఒక పరిశోధన ప్రాజెక్టులో. వేలమంది దగ్గర తలా కాస్త రక్తం తీసుకుని, జబ్బుల వివరాలతో సహా ఫ్రీజర్లో దాచిపెడతారు. ఆ రక్తాన్ని ఎవరికీ ఎక్కించరు. ఏళ్లు గడిచాక ఎవరికి షుగరొచ్చిందో, ఎవరికి గుండెజబ్బొచ్చిందో చూసి, దాచిన రక్తంలో కారణం వెతుకుతారు. ఒకే ఇంట్లో, ఒకే కుండలో అన్నం తిన్న అన్నదమ్ముల్లో ఒకడికే షుగరెందుకు? ఈ ప్రశ్న నన్ను పిచ్చిదాన్ని చేసేసింది. రహస్యం కాస్త తొంగిచూస్తుందేమోనని ట్యూబుల్ని ఎండకెత్తి చూసేదాన్ని.

"పద్మా, పేర్లొద్దు, నంబర్లే. కానీ రిష్తా మాత్రం పక్కాగా రాయి. బంధుత్వం తప్పితే అంతా తప్పే" అని మా త్రిపాఠీ మేడమ్ చిలక్కి చెప్పినట్టు చెప్పింది.

చిలక భిలాయి పక్కనే ఉన్న చరోదాలోని తెలుగు చర్చికి వెళ్లింది. నేను చర్చిలో అడుగుపెట్టడం అదే మొదలు. ప్రార్థన అయ్యాక వరండాలో బల్ల వేసుకు కూర్చున్నాను. డెబ్బై ఏళ్ల సువార్తమ్మగారు అందరికంటే ముందొచ్చి చెయ్యి చాపారు.

"మీవాళ్లెవరైనా ఇక్కడున్నారా అమ్మమ్మా?"

"ఉండకేటమ్మా! ఆయన మా బ్రదర్ జాను. ఆ ఎర్రచీర సిస్టర్ కరుణ. ఈళ్లందరూ మావోళ్లే."

"అందరూ బ్రదర్లూ సిస్టర్లేనా?"

"మరేటనుకున్నావు?"

నేను మామూలుదాన్నా? మేడమ్ మాట గుర్తుంది. గట్టిగా అడిగాను. "తండ్రి ఒక్కరేనా?"

"అందరికీ తండ్రి ఒక్కడే తల్లీ."

"ఆయన కూడా రక్తం ఇస్తారా?"

ఆవిడ కళ్లు మూసుకున్నారు. "ఆయన కొడుకు ఎప్పుడో ఇచ్చీసినాడమ్మా. మనందరి కోసం."

అంత శ్రద్ధగా నేను పరీక్షల్లో కూడా రాయలేదు. 'తండ్రి ఒక్కరే. పెద్దకొడుకు ఇంతకుముందే రక్తం ఇచ్చారు. ఆ శాంపిల్ వెతకవలెను.'

నెలన్నర తర్వాత మేడమ్ పిలిచింది. ఆమె ముందు నా ఫారాలు. పక్కన ట్యూబులకు చీటీలు అంటించే శంకర్ భయ్యా, ముఖం మాడ్చుకుని నిలబడి ఉన్నాడు.

"ముప్పై ఎనిమిది మంది తోబుట్టువులు! చిన్నవాడికి పందొమ్మిది, పెద్దావిడకు డెబ్బై. ఎవరీ తండ్రి, మహారాజా?"

"ఇద్దరు ముగ్గురు భార్యలేమో మేడమ్" అన్నాను, సమయానికి తట్టినందుకు మురిసిపోతూ.

"కానీ జన్యుపరీక్షలో వీళ్లలో ఎవరి రక్తం ఎవరితోనూ కలవడం లేదు. ఫారం తప్పా, చీటీ తప్పా?"

"ఫారం తప్పు కానే కాదు మేడమ్. రెండుసార్లు అడిగి రాశాను."

"మైనే సహీ చిప్‌కాయా థా, దీదీ" అన్నాడు శంకర్ భయ్యా మెల్లగా, తను చీటీలు సరిగ్గానే అంటించానని. ఇరవై ఏళ్ల అనుభవమున్న పనిమంతుడు, నా వైపు చూసిన ఆ చూపు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

"అయితే ఆ పెద్దకొడుకు శాంపిల్ పట్టుకురా. లేకపోతే ఈ ట్యూబులన్నీ పారేయాల్సిందే. శంకర్ సంగతి కూడా ఆలోచించాలి" అంది మేడమ్.

ఆటో ఎక్కి సువార్తమ్మగారింటికి పరిగెత్తాను. "అమ్మమ్మా, మీ పెద్దన్నయ్య రక్తం ఏ క్యాంపులో ఇచ్చారు?"

"మా పెద్దన్నయ్యేటి? నానే పెద్దదాన్ని."

"అదే, మనందరి కోసం ఇచ్చారన్నారే!"

ఆవిడ గోడమీది పటం వైపు చెయ్యి చూపించారు. తలమీద ముళ్లకిరీటం, చేతుల్లో గాయాలు. నేను గబుక్కున నాలుక కరుచుకున్నాను. ఆవిడ మాత్రం మంచం మీద పడి దొర్లి దొర్లి నవ్వారు. "ఓలమ్మో! ఆయన ట్యూబు కోసం ఎతుకుతున్నావేటే!"

తిరిగొచ్చి శంకర్ భయ్యా ఎదుటే మేడమ్‌కి అంతా చెప్పేశాను. మేడమ్ తిట్టడానికి నోరు తెరిచింది గానీ నవ్వొచ్చి తిట్టలేకపోయింది. శంకర్ భయ్యా మాత్రం నవ్వలేదు. నేను క్షమాపణ అడిగాక తన పొట్లంలోని ఒక సమోసా నా వైపు జరిపాడు, అంతే.

అప్పుడు మేడమ్ ఇంకో సంగతి చెప్పింది. "ఆ డెబ్బై ఏళ్లావిడ ట్యూబు నిజంగానే ఒకరితో కలిసింది. అదే రోజు చివర్న రక్తం ఇచ్చిన ముప్పై తొమ్మిదో నంబరు. ఆ ఫారంలో 'ఇక్కడ నాకెవరూ లేరు' అని ఉంది. ఇది నీ నోట రాకూడదు. మళ్లీ అందర్నీ సరిగ్గా అడుగు. వాళ్లంతట వాళ్లు చెబితేనే రాయి."

మరుసటి ఆదివారం మళ్లీ అదే వరండా. ఈసారి ప్రశ్న మార్చాను: "ఒకే తల్లి కడుపున పుట్టినవాళ్లెవరైనా ఉన్నారా?" ముప్పై తొమ్మిదో మనిషి ప్రకాశరావుగారు, రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. నా ప్రశ్న విని కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అవతలి బెంచీ మీద సువార్తమ్మగారు పైటచెంగు సర్దుకుంటూ ఎటో చూస్తున్నారు.

"రాసుకో" అన్నారు చివరికి. "ఆవిడ మా అక్క."

ఒకసారి కాలిన చెయ్యి కదా, ఊరుకోలేదు. "చర్చి వరస అక్కా, సొంత అక్కా?"

"సొంతమేనమ్మా. లేకపోతే పదేళ్లు మాటాడకుండా ఎందుకుంటాను?"

సువార్తమ్మగారు ఇటు తిరిగారు. "ఏరా, షుగరు ఎలా ఉందిరా?" అన్నారు.

ఆ వరండాలోనే, సూదులూ దూదీ సాక్షిగా ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఎవరైనా ఎవరినైనా ఎంత ప్రేమగా పిలిచినా, ఆ ఇద్దరూ కనీసం ఒక్కసారైనా గట్టిగా పోట్లాడుకున్నారని తేలేదాకా, వాళ్లను తోబుట్టువులని కాగితం మీద రాయను.