ఐదు చుక్కల మందు

నాకు మనుషుల్ని నమ్మడం చేతకాదు. పాలు పోయించుకునేటప్పుడు చెంబులో వేలు ముంచి చూసే రకాన్ని. అందుకే మా ఊరికి రెండు మైళ్ల దూరంలో, రోడ్డు మీదున్న డాక్టరుగారి ఆస్పత్రి పద్ధతులు నాకు మొదటి నుంచీ మింగుడు పడలేదు.

అవి అరవైల మొదటి రోజులు. కొడవలూరు దగ్గర ఒక పల్లెలో నేను బడిపంతులమ్మని. నాన్న పోయాక ఇంట్లో అమ్మా నేనూ ఇద్దరమే. చదువుకున్నదాన్ననే పొగరు కూడా కాస్త ఉండేది, ఇప్పుడు దాచుకోవడం ఎందుకు.

ఆస్పత్రికి ఎవరి సీసా వాళ్లే తీసుకెళ్లాలి. బూడిదతో తోమి, వేడినీళ్లతో కడిగి, బిగుతైన బిరడా ఒకటి చూసుకుని బయల్దేరాలి. పొద్దున్నే వచ్చినవాళ్లు వచ్చినట్టు వరండా పిట్టగోడ మీద వరసగా సీసాలు పెట్టేవాళ్లు. ఆ తర్వాత మనిషి వెళ్లి టీ తాగి వచ్చినా, నీడన కునుకు తీసినా ఫరవాలేదు, వరసలో సీసా ఉంటే మనిషి ఉన్నట్టే. నేను మాత్రం నా సీసా పక్కనే కాపలా నిలబడేదాన్ని. ఎవరో ఒకరు ముందుకీ వెనక్కీ జరుపుతారని నా అనుమానం. ఒకసారి జరిపారు కూడా.

లోపల డాక్టరుగారు నాడి చూసి, నాలుక చూసి, చీటీ రాసిచ్చేవారు. రోగి రాలేకపోతే ఇంట్లోవాళ్లు వచ్చి ఒంట్లో ఎలా ఉందో చెప్పినా సరే. ఆ చీటీ తీసుకుని కాంపౌండరు ఒక పెద్ద జాడీలోంచి ఎర్రటి మిక్చరు మన సీసాలో పోసేవాడు. కాగితం ముక్క ఒకటి మడిచి, కత్తెరతో గాట్లు పెట్టి, సీసాకి నిలువునా అంటించేవాడు. ఒక్కో గాటు దాకా ఒక్కో మోతాదు. జ్వరానికీ ఎరుపే, దగ్గుకీ ఎరుపే, కడుపునొప్పికీ ఎరుపే.

"ఏందన్నా, ఆ జాడీ తరగనే తరగదా? యెనకాల బాయిలోంచి తోడి పోస్తా ఉండావా?" అని వరసలో అందరికీ వినపడేట్టు కాంపౌండరుని అడిగేదాన్ని. జనం నవ్వేవాళ్లు. ఆయన తలెత్తకుండా, "సీసా బాగా కడుక్కొచ్చినావా పంతులమ్మా?" అనేవాడు. జవాబు చెప్పకుండా ఆ ఎదురుప్రశ్న ఎందుకు వేస్తాడని నా అనుమానం ఇంకా పెరిగేది.

ఆ ఏడు వానల తర్వాత అమ్మకి పాదాలు వాచాయి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండేది. పడుకుంటే ఊపిరాడదు, గోడకి ఆనుకుని కూర్చునే తెల్లవార్చేది. బండి కట్టించుకుని ఆస్పత్రికి తీసుకెళ్లాను. డాక్టరుగారు చాలాసేపు గుండె విని, "గుండె బలహీనపడిందమ్మా. జాగ్రత్తగా చూసుకుంటే లేచి తిరుగుతుంది" అని చీటీ రాశారు.

నేను కడిగి తెచ్చిన పెద్ద సీసా మందులిచ్చే కిటికీలో పెట్టాను. కాంపౌండరు దాన్ని పక్కకి నెట్టేశాడు. లోపలికి వెళ్లి, తాళం వేసిన బీరువా తెరిచి, బొటనవేలంత సీసా ఒకటి తెచ్చి ఇచ్చాడు. అందులో టీ డికాషన్‌లా ఏదో అడుగున ఉంది. గాట్ల కాగితం లేదు. ఇంకు పోసుకునే ఫిల్లరు లాంటిది ఒకటి ఇచ్చి, "పొద్దున్నే చెంచాడు నీళ్లలో ఐదు చుక్కలు. అంతే" అన్నాడు.

నా ఒళ్లు మండింది. ఊరందరికీ సీసా నిండా పోసి మా అమ్మ దగ్గరికి వచ్చేసరికి అడుగూ బొడుగూ ఇస్తాడా? నేను నలుగురిలో వేళాకోళం చేసినందుకు కసి తీర్చుకుంటున్నాడనుకున్నాను. అంత వాపు ఐదు చుక్కలకి దిగుతుందంటే చంటిపిల్లలైనా నమ్ముతారా? అందరికీ ఒకటే మందు ఇస్తున్నాడని అన్నాళ్లూ గొణిగినదాన్నే, మా అమ్మకి వేరే మందు ఇచ్చేసరికి అదే తప్పయి కూర్చుంది.

ఇంటికొచ్చి ఆ చిన్నసీసా అరటిచెట్టు మొదట్లో వంచేశాను. మర్నాడు ఒక్కదాన్నే వెళ్లి నాకు కడుపునొప్పి అని డాక్టరుగారితో అబద్ధం చెప్పి, పెద్ద సీసా నిండా ఎర్రమందు పోయించుకొచ్చాను. గాటు గాటుకీ చూసుకుని అమ్మకి తాగించాను. అమ్మ తాగేది. నా చేత్తో ఏమిచ్చినా తాగేది.

వారం తిరిగేసరికి వాపు మోకాళ్లు దాటింది. భయం వేసి ఆస్పత్రికి పరిగెత్తాను. డాక్టరుగారు అంతా విని, "చుక్కలు రోజూ వేస్తున్నావా?" అని అడిగారు.

గుమ్మం దగ్గర పదిమంది నిలబడి ఉన్నారు. "వేస్తానే ఉండానండీ" అన్నాను.

ఆయన చీటీ ముందుకు లాక్కుని, "అయితే ఆ మోతాదు చాలడం లేదు. పది చుక్కలు వెయ్యి" అని రాశారు.

కాంపౌండరు మళ్లీ ఆ తాళం తీశాడు. సీసా నా చేతిలో పెట్టి వదలకుండా, "పంతులమ్మా, పదంటే పదే. చెయ్యి జారి ఎక్కువ పడిందంటే గుండె ఆగిపోతాది. అందుకే తాళమేసి పెడతాము" అన్నాడు.

కాలవ వంతెన దాకా నడిచాను. అక్కడ కాళ్లు ఆగిపోయాయి. అమ్మ ఆ మందు ఒక్క చుక్కయినా నోట వేసుకోలేదని డాక్టరుగారికి తెలియదు. తాగినా పనిచెయ్యలేదనుకుని రెట్టింపు రాశారు. పది వేస్తే అమ్మ ఏమవుతుందో! ఐదే వేద్దామంటే, ఈ వారంలో ఆ గుండె ఇంకెంత నీరసించిందో, ఐదు సరో కాదో చెప్పాల్సిన మనిషికి నేను చెప్పింది అబద్ధం. 

వెనక్కి వెళ్లాను. వరస దాటుకుని లోపలికి పోయి, అందరూ వింటుండగానే, మొదటి సీసా పారబోశానని చెప్పేశాను. కిటికీ అవతల కాంపౌండరు కత్తెర ఆపి నా వైపు చూశాడు.

డాక్టరుగారు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నా చేతిలోంచి సీసా తీసుకుని తన బల్ల మీద పెట్టుకున్నారు. "ఇంట్లో ఇంకెవరున్నారు?" అని అడిగారు.

"ఎవరూ లేరండీ. నేనే."

ఆయన కాంపౌండరుని పిలిచారు. "నువ్వొచ్చేది వీళ్ల ఊరి మీదుగానే గదా. రోజూ పొద్దున నువ్వే ఆ ముసలామెకి ఐదు చుక్కలు వేసి రా. సీసా నీ దగ్గరే ఉండనీ" అన్నారు. ఆ మాట నాతో చెప్పలేదు, నా మొహం చూడను కూడా లేదు. కన్నతల్లికి మందు వెయ్యడానికి నన్ను నమ్మలేదు. కోపం రాబోయి, దేని మీద రావాలో తెలియక ఆగిపోయింది.

మర్నాడు తెల్లవారుతూనే వాకిట్లో సైకిలు గంట మోగింది. కాంపౌండరు చేతులు కడుక్కుని వచ్చి, చెంచా అడిగి, అమ్మ పక్కన కూర్చున్నాడు. అమ్మకి ఇదేమీ తెలియదు.

"ఇంత పొద్దున్నే నీకెందుకయ్యా ఈ శ్రమ? ఇంట్లో నా బిడ్డ ఉండాది గదా, అది ఎయ్యదా?" అంది.

నేను గుమ్మం పట్టుకుని నిలబడిపోయాను. ఇప్పుడు చెప్పేస్తాడనుకున్నాను. అన్నేళ్లూ వరసలో నేను అన్నదానికంతా ఈ ఒక్క మాటతో బదులు తీర్చుకుంటాడు.

"ఎందుకెయ్యదు పెద్దమ్మా, ఎయ్యాలనే ఉండాది. నీకేమైపోద్దో అని ఆ పిల్లకి చెయ్యి వణకతా ఉండాది. అందుకని నన్ను రమ్మనింది" అన్నాడు కాంపౌండరు.

అమ్మ నా వైపు చూసి నవ్వింది. నేను తలెత్తలేకపోయాను. ఆయన ఫిల్లరు నొక్కాడు. అంత సిగ్గులోనూ నా కళ్లు ఆయన వేళ్ల మీదికే పోయాయి. ఒక్కో చుక్కా లోలోపల లెక్కపెట్టాను. సరిగ్గా ఐదే పడ్డాయి.