ఫలితం చెప్పే పని నాది కాదు

గుడివాడలో బస్సెక్కి, బందరులో మారి, అవనిగడ్డ మీదుగా హంసలదీవి వైపు పల్లెలకి వెళ్ళేవాణ్ణి. ఒళ్ళో మిషను. ఇల్లు చేరేసరికి తొడలు తిమ్మిరెక్కిపోయేవి. రెండువేల సంవత్సరం దాటాక కొన్నేళ్ళు అదే నా ఉద్యోగం.

ఆడవాళ్ళకి గర్భసంచి ముఖద్వారం దగ్గర క్యాన్సర్ తెచ్చే వైరస్ ఉందో లేదో చెప్పే మిషను అది. కాపురాల్లో ఒకరి నుంచి ఒకరికి అంటుకునే వైరస్. చాలామందికి వచ్చి దానంతటదే పోతుంది. కొందరిలోనే ఉండిపోతుంది. స్కూలు వరండాలో బల్ల వేసుకుని, నర్సుగారు ఆడవాళ్ళ దగ్గర తీసిన నమూనాల గొట్టాలు పేర్చి బటన్ నొక్కితే మిగతాదంతా అదే చేసుకునేది. నేను చూసేవి నెంబర్లే. మనుషులతో మాట్లాడేది నర్సుగారు. ఫలితం నేను చెప్పకూడదని రూలు.

ఒకసారి నర్సుగారి అత్తగారు పోయి ఆవిడ వారం పైగా రాలేదు. అప్పుడే ఎండుచేపలమ్ముకునే ఒకావిడ నెంబరు చీటీ పట్టుకుని వచ్చింది. వయసు నలభై దాటి ఉంటుంది. ఆ నెంబరుకి వైరస్ ఉన్నట్టు ఉదయమే చూశాను. సోమవారం నర్సమ్మగారు వస్తారమ్మా అన్నాను. మర్నాడూ వచ్చింది. అదే మాట చెప్పాను. మూడో రోజు గంప దించి, మెట్టు మీద కూర్చుంది.

"మీరు నా మొహంకేసి చూట్టంలేదు బాబూ. ఉందని చెప్పండి, పోనీ."

ఇక రూలు పట్టుకుని కూర్చునే ఓపిక లేదు నాకు. ఉందని చెప్పాను. ఇది క్యాన్సర్ కాదనీ, బందరులో డాక్టరమ్మ చూసి అవసరమైతే అక్కడికక్కడే వైద్యం చేస్తారనీ చెప్పాను. ఆవిడ చీటీని మడతపెడుతూ, ఇది ఆయన దగ్గర్నించే వచ్చిందా అని అడిగింది. ఎవరి నుంచి, ఎప్పుడు వచ్చిందో మిషను చెప్పలేదనీ, ఏళ్ళ తరబడి బయటపడకుండా ఉంటుందనీ అన్నాను.

"ఆయన పోయి ఆరేళ్ళయింది. ఇప్పుడెవర్నడుగుతాను."

ఏడవలేదు. బందరు ఎప్పుడు రమ్మంటారని అడిగి, గంపెత్తుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు అన్నం డబ్బా మూత కూడా తియ్యలేదు నేను.

తిరిగొచ్చాక నర్సుగారు నన్ను గట్టిగానే కోప్పడ్డారు. చెప్పింది తప్పు కాదనీ, చెప్పి ఆవిణ్ణి ఒంటరిగా పంపడం తప్పనీ అన్నారు. నిజమే, ఆ ఆలోచన నాకు రాలేదు. బందరుకి నర్సుగారే తోడు వెళ్ళారు. డాక్టరమ్మకి చిన్న మచ్చ కనపడితే, బాగా చల్లటి గ్యాసుతో ఆ చోటుని గడ్డకట్టించి, పాడైన పొరని పోగొట్టారట. బందరులో బస్సు మారుతూ, వాళ్ళ తిరుగు బస్సులో నేనూ ఎక్కాను. చేపలావిడ నర్సుగారి భుజం మీద తల పెట్టి దారంతా నిద్రపోయింది.

ఏడాదికి మళ్ళీ అదే నెంబరుతో ఆవిడ గొట్టం నా బల్ల మీదకొచ్చింది. వైరస్ లేదని వచ్చింది. అక్కర్లేకపోయినా, రెండో విడతలో ఆ గొట్టాన్ని ఇంకోసారి పెట్టి చూశాను. అప్పుడూ లేదనే వచ్చింది. కాగితం నర్సుగారికిచ్చాను. లోపల గదిలో నర్సుగారూ చేపలావిడా చాలాసేపు మాట్లాడుకున్నారు. నేను బ్యాటరీ తీసి మిషను సర్దుకున్నాను. సాయంత్రం బస్సుకి ఇంకా గంట టైముంది.